ఖాకీ వేసుకున్న మన పిల్లలు: 1950 నాటి హైదరాబాద్ పోలీస్ ఫుట్‌బాల్ టీం ఖిస్సా

మొన్న ఇత్వార్ నాడు అసర్ నమాజ్ అయ్యాక మా చిన్నోణ్ణి బండి మీద ఎక్కించుకుని గుంటూరు శివార్లో ఉన్న టర్ఫ్‌కి వెళ్లాను. టర్ఫ్ అంటే మీ పిల్లలకు బాగా తెలుసు. చుట్టూ వల, పైన వల, కింద ఆకుపచ్చ ప్లాస్టిక్ గడ్డి, గంటకింత అని కిరాయి. ఇటు ఐదుగురు, అటు ఐదుగురు. బంతి బయటికి పోయేదే లేదు, వలకి తగిలి మళ్లీ కాళ్ల దగ్గరికే వస్తుంది. మిర్చి సీజన్ కదా, యార్డు వైపు నుంచి గాలి కొట్టినప్పుడల్లా ఆట ఆపి అందరూ తుమ్ముకోవడం, మళ్లీ ఆడటం.

పిల్లల వీపుల మీద పేర్లు చూశాను. మెస్సీ, రొనాల్డో, ఎంబాపే. తప్పేం లేదు, నేనూ ఆ వయసులో మారడోనా బొమ్మ పుస్తకంలో దాచుకున్నోణ్ణే. ఆట మధ్యలో నీళ్లు తాగడానికి వచ్చినప్పుడు అడిగాను: "బేటా, మనోళ్లల్లో ఫుట్‌బాల్ ఆడినోళ్లు ఎవరైనా తెలుసా?" ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒక పిల్లోడు మాత్రం అన్నాడు: "మైదాన్ సినిమాలో అజయ్ దేవగణ్ ఉన్నాడు కదా అంకుల్, ఆయన మనాయనే."

2024లో రంజాన్ ఈద్ సమయంలో వచ్చిన ఆ సినిమా మన ఇళ్లలో చాలామంది చూశారు. అందులో ఉన్నది సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ ఖిస్సా. 1962లో జకార్తాలో ఇండియాకి సోనా తెచ్చిన కోచ్. సినిమా మంచిదే. కానీ సినిమావాళ్లకి దేశం టీం కావాలి, జెండా కావాలి, ఆఖరి నిమిషం గోలు కావాలి. అంతకు పన్నెండేళ్ల ముందు, హైదరాబాద్‌లో ఒక పోలీసు డిపార్ట్‌మెంటు టీంతో ఆయన మొదలుపెట్టిన పని వాళ్లకి అంతగా పనికిరాలేదు. నాకు పనికొచ్చింది. ఎందుకంటే ఆ టీం ఖబర్ మా ఇంట్లో ఒక రేకు పెట్టెలో ముప్పై ఏళ్లకు పైగా పడి ఉంది.

నానా పెట్టె

మా నానా నరసరావుపేటలో పత్తి జిన్నింగు మిల్లులో పని చేసేవాడు. ఆయన రేకు పెట్టెలో పైన జుజ్దాన్‌లో చుట్టిన ఖురాన్ షరీఫ్, దాని కింద రేషన్ కార్డు, మిల్లు చీటీలు, అట్టడుగున ఒక ఉర్దూ అఖ్‌బారు ముక్క ఉండేవి. నానా అరబీ అక్షరాలు కూడబలుక్కుని ఖురాన్ తిలావత్ చేసేవాడు గానీ ఉర్దూ అఖ్‌బార్ చదవలేడు. ఆయన పిల్లలందరూ తెలుగు మీడియం. ఉర్దూ బడికి పోయింది నేనొక్కణ్ణే. ఏడో తరగతిలో ఉండగా ఒకరోజు పిలిచి, "చదువు బేటా, ఇందులో ఏముందో మళ్లీ వినాలి" అన్నాడు.

కాగితం పచ్చబడిపోయింది. మడతల దగ్గర అక్షరాలు రాలిపోయాయి. మిగిలిన ముక్కల్లో నాకు అర్థమైంది ఇంతే: హైదరాబాద్ సిటీ పోలీస్ అనే ఫుట్‌బాల్ టీం దిల్లీలో కప్పు గెలిచింది. ఆటగాళ్ల పేర్లలో ఒక నూర్ మొహమ్మద్, ఒక అజీజుద్దీన్. నేను చదువుతుంటే నానా కళ్లు మూసుకుని విన్నాడు. ఆయన జిందగీలో ఫుట్‌బాల్ ఆడింది లేదు, చూసింది లేదు. "మరి ఎందుకు దాచావు నానా?" అంటే ఒకటే మాట అన్నాడు: "పోలీస్ అన్న మాట పక్కన మన పేర్లు మంచిగా రాసింది అప్పుడే చూశా."

ఆ వయసులో నాకు అర్థం కాలేదు. డిగ్రీలో తెలుగు తీసుకుని, తర్వాత అఖ్‌బార్ నౌకరీలో పడి, తారీఖ్ చదవడం మొదలుపెట్టాక తెలిసింది ఆ మాట బరువెంతో.

నానాది అసలు ఈ జిల్లా కాదు. కృష్ణ అవతల హుజూర్‌నగర్ వైపు పల్లె. 1948 తర్వాత తల్లిని, చెల్లెల్ని వెంటబెట్టుకుని మట్టపల్లి దగ్గర ఏరు దాటి పల్నాడుకి వచ్చాడు. ఏరుకి ఇవతల మద్రాస్ సర్కారు, అవతల నిజాం సర్కారు. అంతకు నూట అరవై ఏళ్ల క్రితం ఇవతల కూడా నిజాందే. 1788లో గుంటూరు సర్కారు ఇంగ్లీషువాళ్ల చేతికి పోయాకే మన జిల్లాల తఖ్దీర్, హైదరాబాద్ తఖ్దీర్ వేరయ్యాయి. అందుకే 1948 మన గుంటూరు, ఒంగోలు వైపు ముస్లిం ఇళ్లలో ఎక్కువగా వినిపించదు. ఏరు దాటి వచ్చిన మా నానా లాంటివాళ్ల ఇళ్లలో మాత్రం వినిపిస్తుంది, అదీ గొంతు తగ్గించి.

ఆ రెండేళ్లు

1948 సెప్టెంబర్ 13న హిందుస్తానీ ఫౌజ్ హైదరాబాద్ రియాసత్‌లో అడుగుపెట్టింది. 17వ తేదీకల్లా నిజాం లొంగిపోయాడు. సైన్యం చేసిన పనికి సర్కారు పెట్టిన పేరు 'పోలీస్ యాక్షన్'. అంతకు ముందు రజాకార్లు పల్లెల మీద పడి చేసిన జుల్మ్ మనం దాచకూడదు. ఆ మంటల్లో ఎన్నో హిందూ ఇళ్లు కాలిపోయాయి. నిజాం పోలీసులు, రజాకార్లు కలిసి రైతులను కాల్చారు. ఆ తర్వాత బదలా తీర్చుకోవడంలో, రజాకార్లతో ఏ సంబంధమూ లేని గరీబ్ ముస్లింలు ఊళ్లకి ఊళ్లు బలయ్యారు. ఆ సంగతి చూసి రమ్మని ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ కమిటీ, తక్కువలో తక్కువ లెక్క వేసినా 27 వేల నుంచి 40 వేల మంది ప్రాణాలు పోయాయని రాసింది. ఆ రిపోర్టు దశాబ్దాల పాటు బీరువాలో పడుకుంది.

ప్రాణాలు మిగిలినవాళ్లకి నౌకరీలు మిగల్లేదు. ఫౌజ్‌లో, పోలీసులో, సర్కారీ దఫ్తర్లలో పని చేసిన వేలమంది ఇంటికి వచ్చేశారు. జాగీర్లు రద్దయ్యాయి, వాటి మీద బతికే బావర్చీలు, దర్జీలు, మున్షీలు రోడ్డున పడ్డారు. 1918లో మొదలై డిగ్రీ చదువులన్నీ ఉర్దూలో చెప్పిన ఉస్మానియా జామియాలో ఉర్దూ పోయి ఇంగ్లీషు వచ్చింది. స్తోమత ఉన్నవాళ్లు కరాచీ దారి పట్టారు. మిగిలినవాళ్లు తలుపులు వేసుకుని కూర్చున్నారు.

ఇప్పుడు ఆలోచించండి. ఆ రోజుల్లో హైదరాబాద్ ముస్లిం మహల్లాలో పోలీస్ అన్న మాట వింటే ఏం గుర్తొస్తుంది? ఆ మాట చుట్టూ ఎంత ఖౌఫ్ ఉంటుంది? సరిగ్గా అప్పుడే, రెండేళ్లకే, అదే మాట ఛాతీ మీద రాసుకుని హైదరాబాద్ సిటీ పోలీస్ టీం బొంబాయి రైలెక్కింది.

ఉస్తాద్

ఆ టీంకి ఆ ఏడాదే కోచ్‌గా వచ్చిన మనిషి వృత్తికి మాస్టారు. సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియాలో చదివారు, అక్కడి టీంలో ఆడారు. తర్వాత కాచిగూడ, దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ స్కూళ్లలో పిల్లలకు పాఠాలు చెప్పారు. వ్యాయామ విద్యలో డిప్లొమా తీసుకుని ఆటల బాధ్యత నెత్తికెత్తుకున్నారు. హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్‌కి 1940ల మొదట్లో సెక్రటరీ అయ్యి, చనిపోయేదాకా ఆ పని వదల్లేదు.

ఆయన్ని గొప్ప కోచ్ అని అందరూ అంటారు. నేను ముందు మాస్టారు అంటాను. ఎందుకంటే ఆయన చేసిన పనులన్నీ మాస్టారి బుర్రలోంచి వచ్చినవే.

ఆ రోజుల్లో మన దేశంలో ఫుట్‌బాల్ అంటే డ్రిబ్లింగ్. బంతి దొరికినోడు నలుగుర్ని తప్పించుకుంటూ పోవాలి, జనం వాహ్వా అనాలి, ఆఖరికి బంతి పోగొట్టుకున్నా ఫర్వాలేదు. రహీం సాబ్‌కి ఆ తమాషా నచ్చలేదు. చిన్న పిల్లలకు టోర్నమెంట్లు పెట్టి, వాటికి వింత ఖాయిదాలు పెట్టారు. ఒక టోర్నమెంట్‌లో డ్రిబ్లింగ్ మనా. బంతి రాగానే పక్కవాడికి ఇచ్చేయాలి. ఇంకో టోర్నమెంట్‌లో బలమైన కాలుతో తన్నకూడదు. కుడికాలి వాడు ఎడమ కాలుతోనే ఆడాలి. ఇంకోదానిలో ఎత్తు కొలిచి, పొట్టి పిల్లలకే చోటు.

ఈ మూడు ఖాయిదాలూ ఒక్కసారి పక్కపక్కన పెట్టి చూడండి. మొదటిది ఖుదీని అణిచి, జమాత్‌ని నేర్పిస్తుంది. రెండోది నీలో ఏది కమ్‌జోర్ ఉందో దాని మీదే మెహనత్ చేయమంటుంది. మూడోది, ఎప్పుడూ బెంచి మీద కూర్చునే పిల్లోణ్ణి మైదానంలోకి తెస్తుంది. ఖర్చు ఏమీ లేదు. పెద్ద స్టేడియం అక్కర్లేదు. ఒక గల్లీ, ఒక బంతి, ఒక ఉస్తాద్ చాలు.

ఇక్కడ దక్షిణ అమెరికాలోని మాంటెవీడియో ఊరు గుర్తొస్తుంది. 1930లో అక్కడి వైఎంసీఏలో పని చేసే హువాన్ కార్లోస్ సెరియాని అనే మాస్టారు కూడా ఇలాంటి పనే చేశాడు. పిల్లలకు మైదానం లేదని, బాస్కెట్‌బాల్ కోర్టు మీదే ఐదుగురితో ఆడే ఫుట్‌బాల్ ఖాయిదాలు రాశాడు. ఇప్పుడు ఫుట్సాల్ అని ప్రపంచమంతా ఆడుతున్నది అదే, మా చిన్నోడు వలలో ఆడే ఆటకి తాత కూడా అదే. చోటు తక్కువైతే బంతిని ఎక్కువసేపు దగ్గర పెట్టుకోలేం. తొందరగా ఆలోచించాలి, తొందరగా ఇచ్చేయాలి, రెండు కాళ్లూ పని చేయాలి. రహీం సాబ్, సెరియాని ఒకరినొకరు చూసుకున్నది లేదు. తంగీ ఇద్దరికీ ఒకటే పాఠం చెప్పింది.

తుల్సీదాస్ బలరాం పేరు మీలో కొందరు విని ఉంటారు. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో ఒక గరీబ్ తమిళ కుటుంబంలో పుట్టాడు. బూట్లు కొనే తాహత్ లేక, చిరిగిపోయిన పాత పోలీసు బూట్లు సంపాదించి, చెప్పులు కుట్టేవాడి దగ్గర ఆడుకునే బూట్లుగా కుట్టించుకున్నాడు. అతని హునర్ కనిపెట్టి, ప్రాక్టీసుకి వచ్చేందుకు సైకిల్ కిరాయి డబ్బులు చేతిలో పెట్టింది రహీం సాబే. ఆ బలరాం తర్వాత మెల్‌బోర్న్, రోమ్ ఒలింపిక్స్ రెండూ ఆడాడు. ఉస్తాద్ పిల్లల్లో మజహబ్ చూడలేదు, కాళ్లు చూశారు.

1950

ఇక ఆ ఏడాది సంగతి. రెండు కప్పుల గురించి ముందు చెప్పాలి. ఒకటి బొంబాయి రోవర్స్ కప్, 1891లో మొదలైంది. రెండోది డ్యూరండ్, 1888లో సిమ్లాలో మొదలైంది. రెండూ ఇంగ్లీషు పల్టన్ల కోసం పెట్టుకున్నవి. ఇంగ్లీషోడి బూటు కింద హిందుస్తానీ కాలు నలిగిన మైదానాలు అవి. అక్కడ ఆ గోడ పగలగొట్టినవాళ్లల్లో మనవాళ్లు ముందున్నారన్న సంగతి మన పిల్లలకు ఎవరూ చెప్పరు. 1937లో, 38లో రోవర్స్ కప్పు ఎత్తుకెళ్లింది బెంగళూర్ ముస్లిమ్స్ టీం. కలకత్తా లీగ్‌ని 1934 నుంచి 38 దాకా వరసగా ఐదేళ్లు గెలిచింది మొహమ్మడన్ స్పోర్టింగ్. 1940లో డ్యూరండ్ గెలిచిన మొదటి హిందుస్తానీ టీం కూడా అదే.

ఆ తర్వాత జంగ్ వచ్చింది, తఖ్సీమ్ వచ్చింది. డ్యూరండ్ ఆగిపోయింది. మళ్లీ 1950లో దిల్లీలో జరిగింది. ఆజాద్ హిందుస్తాన్‌లో మొదటి డ్యూరండ్ అది.

హైదరాబాద్ సిటీ పోలీస్ ముందు బొంబాయి కూపరేజ్ మైదానంలో రోవర్స్ గెలిచింది. రహీం సాబ్ కోచ్‌గా వచ్చిన మొదటి ఏడాదే. తర్వాత దిల్లీ డ్యూరండ్ ఫైనల్. ఎదురుగా కలకత్తా మోహన్ బగాన్. 1911లో ఇంగ్లీషు పల్టన్‌ని ఓడించిన పేరున్న టీం, దేశమంతా అభిమానులున్న టీం. మొదటి మ్యాచ్ 2-2 దగ్గర ఆగిపోయింది. రెండోసారి ఆడారు. హైదరాబాద్ పోలీస్ 1-0తో గెలిచింది.

మా నానా పెట్టెలో ఉన్న కాగితం ఆ గెలుపుదే.

అది ముస్లిం టీం అనుకుంటే పొరపాటు. అది పోలీసు టీం. నూర్ మొహమ్మద్, అజీజుద్దీన్, మొయినుద్దీన్‌లతో పాటు ఆంగ్లో ఇండియన్లు ఉన్నారు, హిందువులు ఉన్నారు, క్రైస్తవులు ఉన్నారు. నన్ను అడిగితే అసలు ఖూబీ అక్కడే ఉంది. మొహమ్మడన్ స్పోర్టింగ్ గెలిచినప్పుడు ఖౌమ్ గెలిచిందన్న ఖుషీ ఉంది, దాని విలువ దానికుంది. కానీ 1950లో హైదరాబాద్ ముస్లింకి కావాల్సింది ఆ ఖుషీ కాదు. పక్కవాడితో కలిసి ఒకే జెర్సీ వేసుకుని, పక్కవాడు తనకి బంతి ఇస్తాడన్న భరోసా కావాలి. రహీం సాబ్ ఆటలో డ్రిబ్లింగ్ మనా కాబట్టి పేట్రిక్ అజీజుద్దీన్‌కి ఇవ్వాల్సిందే, అజీజుద్దీన్ ఇంకొకరికి ఇవ్వాల్సిందే. రెండేళ్ల కింద పేరు చూసి మనిషిని చంపిన చోట, పేరు చూడకుండా బంతి ఇచ్చుకున్నారు. నేను దీన్ని పెద్దది చేసి చెప్పడం లేదు. ఫుట్‌బాల్ గాయాలు మాన్పదు. పోయిన ప్రాణాలు రాలేదు, పోయిన నౌకరీలు రాలేదు. అయినా ఏరు దాటి వచ్చి, పత్తి దుమ్ములో దగ్గుకుంటూ బతికే ఒక మనిషి ఆ కాగితాన్ని ఖురాన్ షరీఫ్ ఉన్న పెట్టెలో పెట్టుకున్నాడు. అంత మాత్రం చేసింది.

ఆ తర్వాత పన్నెండేళ్లు

రోవర్స్ కప్ ఆ ఒక్క ఏడాదితో ఆగలేదు. 1950, 51, 52, 53, 54. వరసగా ఐదేళ్లు. డ్యూరండ్ 1954లో మళ్లీ, 1957-58లో మళ్లీ. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని హైదరాబాద్ 1956-57లో, 1957-58లో రెండుసార్లు తెచ్చుకుంది.

దేశం టీం కూడా రహీం సాబ్ చేతికే వచ్చింది. 1951లో దిల్లీలో మొదటి ఏషియన్ గేమ్స్, ఫైనల్లో ఇరాన్ మీద 1-0, సోనా. మరుసటి ఏడాది హెల్సింకీ ఒలింపిక్స్‌లో మాత్రం పెద్ద దెబ్బ. చలిలో చాలామంది మనవాళ్లు ఉత్త కాళ్లతో ఆడారు. యుగోస్లావియా 10-1తో కొట్టింది. ఇంకొకరైతే నసీబు అని సరిపెట్టుకునేవారు. ఉస్తాద్ అక్కడ సోనా గెలిచిన హంగేరీ ఆటని శ్రద్ధగా చూశారు. బూట్లు తప్పనిసరి అయ్యాయి. ముందు వరసలో ఉండాల్సిన ఆటగాణ్ణి కాస్త వెనక్కి తెచ్చి ఆడించే కొత్త పద్ధతి మన టీంకి నేర్పించారు.

ఫలితం 1956 మెల్‌బోర్న్‌లో కనబడింది. ఆస్ట్రేలియాని వాళ్ల సొంత నేల మీద 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరారు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో అంతదూరం పోయిన మొదటి ఆసియా దేశం మనదే. నాలుగో స్థానం. ఆ టీంలో హైదరాబాద్ పిల్లలు ఎంతమంది అనుకున్నారు? అజీజుద్దీన్, నూర్ మొహమ్మద్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికారుద్దీన్, బలరాం, గోల్ కీపర్ పీటర్ తంగరాజ్. దేశం మొత్తంలో ఒక్క ఊరి నుంచి ఇంతమంది.

1960 రోమ్‌లో ఫ్రాన్స్‌తో 1-1. 1962 జకార్తా సంగతి సినిమాలో చూశారు కాబట్టి ఎక్కువ చెప్పను. అప్పటికే కేన్సర్ ఆయన ఒంట్లో ఉంది. బయట జనం ఇండియా మీద కోపంగా ఉన్నారు. సెప్టెంబర్ 4న ఫైనల్లో దక్షిణ కొరియా మీద 2-1. పి.కె. బెనర్జీ ఒకటి, తలకి కుట్లు పడిన జర్నైల్ సింగ్ ఒకటి. తొమ్మిది నెలలు గడిచాయి. 1963 జూన్ 11న ఉస్తాద్ ఇంతిఖాల్ అయ్యారు. అల్లాహ్ ఆయన మగ్ఫిరత్ చేయుగాక. కొడుకు ఎస్.ఎస్. హకీం సాబ్ రోమ్ ఒలింపిక్ టీంలో ఉన్నారు, ఫిఫా రెఫరీ అయ్యారు, 2021లో ఆయనా వెళ్లిపోయారు.

మన జిల్లాల వాళ్లకి ఒక మాట. 1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. ఏరుకి అటూ ఇటూ మళ్లీ ఒకే సర్కారు వచ్చింది. తర్వాత ఆ టీం పేరు కూడా మారింది. 1961 డ్యూరండ్ ఫైనల్లో అదే మోహన్ బగాన్‌ని 1-0తో ఓడించిన టీం పేరు ఆంధ్ర పోలీస్. గుంటూరు మిర్చి, ఒంగోలు గిత్త ఉన్నట్టే, ఆ కప్పు మీద పేరులో మన వాటా కూడా ఉంది. కానీ ఆ వాటా అడిగినోళ్లు ఇక్కడ ఎవరూ లేరు.

ఎక్కడ పోయింది?

ఉస్తాద్ పోయాక హైదరాబాద్ ఫుట్‌బాల్ ఒక్కరోజులో చచ్చిపోలేదు. 1965-66లో ఆంధ్రప్రదేశ్ బెంగాల్‌ని ఓడించి సంతోష్ ట్రోఫీ తెచ్చింది. అదే ఆఖరు. ఆ తర్వాత ఈ రోజుదాకా తెలుగు నేలకి ఆ ట్రోఫీ మళ్లీ రాలేదు. 2024 డిసెంబర్ 31న సంతోష్ ట్రోఫీ ఫైనల్ మన హైదరాబాద్ గచ్చిబౌలిలోనే జరిగింది. ఆడింది బెంగాల్, కేరళ. మనవాళ్లు కుర్చీల్లో కూర్చుని చూశారు.

దీనికి క్రికెట్ కారణమని కొందరు, టీవీ అని కొందరు, నౌకరీలు లేవని కొందరు అంటారు. అన్నీ నిజమే. నేను ఇంకోటి కలుపుతాను. మనం రహీం సాబ్ గెలుపు దాచుకున్నాం, ఆయన పాఠం దాచుకోలేదు. మా నానా లాగే. కాగితం ఉంది, దానిలో పని లేదు.

నేను చదివిన ఉర్దూ బడికి మైదానం లేదు. ఆటల పీరియడ్ అంటే రెండు గదుల మధ్య వరండాలో నిలబడటం. టైంటేబుల్లో పేరు ఉండేది, బంతి ఉండేది కాదు. మేము ఆడుకుంది ఈద్‌గాహ్‌లో. ఏడాదికి రెండు నమాజులు, మిగతా మూడు వందల అరవై రోజులు మా ఫుట్‌బాల్. మిల్లు నుంచి తెచ్చిన పాడైపోయిన పత్తిని గుడ్డలో కుక్కి, గోతాం దారంతో కుట్టిన బంతి. వాన పడితే నీళ్లు తాగి రాయంత బరువెక్కేది. మాలో ఒకడు నిజంగా గొప్పగా ఆడేవాడు. బంతి వాడి కాలికి అతుక్కుని ఉండేది. పదో తరగతి తప్పాడు, మిర్చి యార్డులో టిక్కీలు మోయడానికి పోయాడు. ఇప్పుడు నడుము పోయింది. వాడికి ఎడమ కాలుతో కూడా ఆడరా అని చెప్పిన మాస్టారు ఒక్కరు లేరు. సైకిల్ కిరాయి ఇచ్చినవాళ్లు లేరు. టాలెంట్ అమ్ముగూడలోనే పుట్టి మన దగ్గర పుట్టకుండా ఉంటుందా? ఉస్తాద్ ఉన్నచోట అది బలరాం అయింది, లేనిచోట నడుము నొప్పి అయింది.

ఇప్పుడు పైసా ఉంది కదా అంటారు. పైసా సంగతీ చూశాం. 2017లో ప్రీమియర్ ఫుట్సాల్ అని, ఇండోర్‌లో ఐదుగురితో ఆడే లీగ్ రెండో ఏడాది జరిగింది. మొదటి ఏడాది రొనాల్డీన్యో, ర్యాన్ గిగ్స్ లాంటి పెద్ద పెద్దోళ్లు వచ్చిన లీగ్ అది. రెండో ఏడాది మన పేరుతో కూడా ఒక టీం దిగింది: తెలుగు టైగర్స్. లైట్లు, మ్యూజిక్, రంగు జెర్సీలు. ఆ లీగ్ నిలవలేదు, ఆ టీం కూడా నిలవలేదు. టర్ఫ్ మీద ఆడే మా పిల్లల్ని అడిగాను, ఒక్కరికీ ఆ పేరు తెలీదు. తప్పు వాళ్లది కాదు. ఆ టీం ఏ గల్లీలోంచీ రాలేదు, ఏ బడి నుంచీ రాలేదు. 1950 టీం వెనక ఏళ్లుగా పిల్లలకు ఆట నేర్పుతున్న ఒక మాస్టారు, ఒక నెల జీతం ఇచ్చే నౌకరీ, సాయంత్రం తెరిచి ఉండే మైదానాలు ఉన్నాయి. 2017 టీం వెనక పోస్టర్ ఉంది.

ఇంటికి వచ్చే ముందు

ఆరోజు టర్ఫ్‌లో ఇంకా పావుగంట మిగిలి ఉంది. పిల్లల్ని పిలిచి ఉస్తాద్ ఖాయిదా చెప్పాను: ఈ పావుగంట ఎడమ కాలుతోనే తన్నాలి, బంతి వచ్చిన వెంటనే పక్కవాడికి ఇచ్చేయాలి. ముందు నవ్వారు. మా చిన్నోడికి సిగ్గేసింది, "అబ్బా, నువ్వు బయట కూర్చో" అన్నాడు. కానీ మొదలుపెట్టారు. ఐదు నిమిషాలు గందరగోళం. బాగా ఆడే ఇద్దరు పిల్లలు బోర్లా పడ్డారు. పది నిమిషాలకి ఒక సంగతి గమనించాను. అప్పటిదాకా బంతి తాకని ఒక పొట్టి పిల్లోడికి ఆరేడుసార్లు బంతి వచ్చింది. గోలేమీ కొట్టలేదు. కానీ వల దగ్గర నిలబడే అలవాటు మానేసి మధ్యలోకి వచ్చి నిలబడ్డాడు. మగ్రిబ్ అజాన్ వినబడింది. అందరం కాళ్లు కడుక్కుని మసీదుకి నడిచాం.

మీ ఇళ్లలో కూడా ఏదో ఒక రేకు పెట్టె ఉంటుంది. అందులో ఉర్దూ కాగితం ఏదైనా ఉంటే, చదవడం రాదని పారేయకండి. చదవడం వచ్చిన పెద్దవాళ్ల దగ్గర కూర్చుని ఏముందో తెలుగులో రాసి పెట్టండి. మీ మహల్లాలో ఆడినవాళ్లు, ఆడించినవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లని అడిగి ఆ పేర్లు, ఆ సాల్‌లు రాసుకోండి. మీ మస్జిద్ కమిటీలో, బడి కమిటీలో మీరుంటే ఇంకో మాట కూడా అడగండి: మన పిల్లలకు సాయంత్రం రెండు గంటలు ఆడుకునే చోటు ఏది? ఈద్‌గాహ్ గేటుకి తాళం ఎందుకు? వాళ్లకి ఎడమ కాలు పాఠం చెప్పడానికి మనలో ఒక రిటైర్డు మాస్టారైనా లేరా?

నానా పోయి ఇరవై ఏళ్లయింది. ఆ కాగితం ఇప్పుడు నా దగ్గర ఉంది. మడత విప్పితే ఊడిపోతుందని అద్దాల ఫ్రేము కట్టించాను. మొన్న రాత్రి మా చిన్నోడు దాని ముందు నిలబడి అందులో ఏం రాసి ఉందని అడిగాడు. వాడిది ఇంగ్లీషు మీడియం, ఉర్దూ రాదు. పేర్లు ఒక్కొక్కటే చదివి వినిపించాను, మా నానాకి వినిపించినట్టే. వాడు కళ్లు మూసుకోలేదు. ఏ పేరు ఎక్కడ ఉందో వేలితో చూపించమన్నాడు.